ఉక్కపోత రాత్రులలో బటర్‌వర్ట్ మొక్కలు
(పర్లాకిమిడిలో మొక్కల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మీలో కొందరు తీరాన ఉన్న బరంపురం, ఛత్రపురం వైపు నుంచి, కొందరు కొండల అవతలి గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చారు. అందువల్ల ఈ రోజు నేను రెండు వాతావరణాలను పక్కపక్కన పెట్టుకొని మాట్లాడవలసి ఉంటుంది. తీరంలో చక్కగా పనిచేసే ఏర్పాటు కొండల అవతల పనికిరాకపోవచ్చు. అక్కడ పనికివచ్చేది ఇక్కడ డబ్బు దండుగ కావచ్చు.

పురుగులను పట్టి తినే పింగ్విక్యులా ప్రజాతి మొక్కలను తోటల వాళ్లు బటర్‌వర్ట్ అంటారు. మన పొలాల తడి గట్ల మీద, చెరువుల అంచున కనిపించే యుట్రిక్యులేరియా కుటుంబమే దీని కుటుంబం కూడా. ఆకులన్నీ నేలకు అంటుకొని గులాబీ పువ్వు ఆకారంలో పరుచుకుంటాయి. ఆకు పైభాగాన రెండు రకాల గ్రంథులు ఉంటాయి. సన్నని కాడ ఉన్న గ్రంథులు జిగురు బిందువులను తయారుచేసి చిన్న పురుగును పట్టి ఉంచుతాయి. ఆకు మీదే కూర్చున్నట్టుండే కాడలేని గ్రంథులు పురుగు చిక్కిన తరువాత జీర్ణరసాలను విడుదల చేసి, కరిగిన నత్రజనిని, భాస్వరాన్ని లోపలికి పీల్చుకుంటాయి. చార్లెస్ డార్విన్ 1875లో ప్రచురించిన కీటకాహార మొక్కల గ్రంథంలో ఈ ప్రజాతికి ఒక అధ్యాయమే కేటాయించి, పురుగు చిక్కినప్పుడు ఆకు అంచు మెల్లగా లోపలికి ముడుచుకోవడాన్ని వివరంగా వర్ణించాడు. పోషకాలను పీల్చుకోవడానికి వీలుగా ఈ ఆకు పైపొరలో సందులు ఉంటాయి. ఆ సందుల గుండానే నీరు కూడా సులభంగా ఆవిరైపోతుంది కాబట్టి, వడగాలి తగిలితే ఈ మొక్క మిగతా మొక్కలకన్నా ముందే వాడిపోతుంది.

ఈ ప్రజాతిలో నూరుకు పైగా జాతులు ఉన్నాయి. పెంపకం దృష్టితో చూస్తే వాటిని మూడు గుంపులు చేయవచ్చు. మొదటి గుంపు యూరప్ వంటి చల్లని ప్రాంతాలది. చలికాలంలో బిగుసుకుపోయిన మొగ్గగా మారి నెలల తరబడి గడ్డకట్టే చలిలో నిద్రపోతే తప్ప అవి బతకవు. మన దేశంలో సహజంగా పెరిగే ఏకైక పింగ్విక్యులా అయిన ఆల్పైనా కూడా ఈ గుంపుదే. హిమాలయాల ఎత్తైన చోట్ల తెల్లని పూలు పూస్తుంది. దానిని కిందికి తేవాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు, అది చచ్చిపోవడం తప్ప మరేమీ జరగదు. రెండవ గుంపు అమెరికా ఆగ్నేయ తీరపు బురద నేలలది. వాటిలో ప్రిములిఫ్లోరా అన్నది ఆకు కొసల మీదే పిల్ల మొక్కలను పుట్టిస్తుంది గనుక చాలామంది దానితోనే మొదలుపెడతారు. మూడవ గుంపు మెక్సికోది. మనకు నిజంగా పనికివచ్చే గుంపు ఇదే, ఈ రోజు నా మాటలన్నీ ప్రధానంగా దీని గురించే.

మెక్సికో జాతులు చాలావరకు కొండ వాలుల మీద, సున్నపురాతి మీద, జిప్సం గట్ల మీద, పైన్, ఓక్ అడవుల నీడలో నాచు మధ్య పెరుగుతాయి. జయపురం దాటి గుప్తేశ్వరం వెళ్లినవారికి సున్నపురాయి మీద నీరు ఊరుతూ, నాచు పట్టి, నీడగా ఉండే గోడలు ఎలా ఉంటాయో తెలుసు. ఆ రకపు చోటును ఊహించుకుంటే చాలు. (అక్కడి నుంచి రాయి తెచ్చుకోమని నేను చెప్పడం లేదు.) జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు, తరువాత పొడికాలం. వానల్లో వెడల్పాటి జిగురు ఆకులు వేసిన మొక్క, పొడికాలం రాగానే పురుగులను పట్టని చిన్న, మందపాటి ఆకుల గుత్తిగా మారిపోతుంది. వానలు వచ్చే నెలలు మనకూ వాళ్లకూ ఒకటే కదా అని చాలామంది సంతోషపడతారు. ఆ సంతోషం సగమే సరైనది. ఎందుకంటే అక్కడ వానకాలంలో కూడా రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాకా, కొన్ని చోట్ల అంతకన్నా కిందికి దిగుతుంది. మన తీరంలో మే నెల రాత్రి 27 దగ్గరే ఆగిపోతుంది, జూలై రాత్రి కూడా పెద్దగా తగ్గదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇక్కడే ఉంది. మన జిల్లాలలో ఈ మొక్కను చంపేది పగటి ఎండ కాదు, రాత్రి వేడి. పగలు 35 డిగ్రీలు ఉన్నా, నీడ, గాలి ఉంటే మెక్సికో జాతులు చాలావరకు తట్టుకుంటాయి. కానీ మొక్క పగలు కూడబెట్టుకున్న చక్కెరను రాత్రంతా శ్వాసక్రియకు ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారుగా రెట్టింపవుతుంది. మాంసాహార మొక్కల ఆకులకు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసే శక్తి మొదటి నుంచీ తక్కువే. ఆదాయం తక్కువై రాత్రి ఖర్చు రెట్టింపైనప్పుడు మొక్క చిక్కి, కణజాలం మెత్తబడి, నడిమొగ్గ దగ్గర బూజు పడుతుంది. చూసేవారు బూజును చూసి శిలీంధ్రనాశిని చల్లుతారు. బూజు చివరిలో వచ్చినది మాత్రమే.

దీనికి వేర్ల సంగతి కూడా తోడవుతుంది. 20 డిగ్రీల దగ్గర ఒక లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే ఉంటుంది. వేడికి వేర్ల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంటే నీటిలో దాని నిల్వ తగ్గిపోతుంది. అందుకే చల్లని దేశాల పుస్తకాలు చెప్పినట్టు తొట్టిని ఎప్పుడూ నీళ్ల పళ్లెంలో నిలబెట్టే పద్ధతి వేసవిలో మనకు ప్రమాదకరం.

ఇప్పుడు చల్లబరచడం గురించి. గ్రీన్‌హౌస్ అనగానే ఒకవైపు తడి ప్యాడ్, మరొకవైపు పెద్ద ఫ్యాన్ పెట్టించమని అమ్మేవాళ్లు చెబుతారు. దాని ఖర్చు పెట్టే ముందు ఒక లెక్క చూడండి. నీరు ఆవిరి కావడం వల్ల గాలి ఎంత చల్లబడగలదో దాని తేమే నిర్ణయిస్తుంది. ఆ హద్దును తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. ఏప్రిల్ మధ్యాహ్నం రాయగడలో గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉందనుకుంటే, ఆ హద్దు 24 చిల్లర డిగ్రీలు. ప్యాడ్ 80 శాతం సమర్థంగా పనిచేస్తే లోపలికి వచ్చే గాలి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది నిజంగా గొప్ప లాభం. అదే బరంపురం పక్కన తీరంలో ఉన్న గోపాలపురం దగ్గర గాలి 35 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున హద్దే 31 డిగ్రీలు. ఎంత మంచి ప్యాడ్ పెట్టినా మూడు నాలుగు డిగ్రీలకు మించి తగ్గదు, పైగా లోపల తేమ ఇంచుమించు నిండిపోయి బూజుకు అనుకూలమవుతుంది. కాబట్టి రాయగడ, గుణుపురం వైపు వాళ్లు ప్యాడ్ పెట్టుకోండి, తీరం వాళ్లు ఆ డబ్బును నీడకు, గాలికి, కొంత విద్యుత్తుకు మళ్లించండి. కోరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది గనుక అక్కడివారికి ఈ చర్చతో అంతగా పని లేదు, వారి అదృష్టం వారిది.

తీరంలో గ్రీన్‌హౌస్ అంటే నాలుగు వైపులా మూసిన గాజు గది అని అనుకోకూడదు. మనకు కావలసింది వాన పడని, పక్కలు తెరిచి ఉన్న పందిరి. కప్పుకు అతినీలలోహిత కిరణాలను తట్టుకునే 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు చాలు, కానీ కప్పు శిఖరం దగ్గర వేడిగాలి బయటికి పోయే సందు తప్పనిసరి. వాన నేరుగా పడితే ఆకు మీది జిగురు, జీర్ణరసాలు, చిక్కిన పురుగులు అన్నీ కొట్టుకుపోతాయి గనుక కప్పు అవసరమే. గోడలు మాత్రం అవసరం లేదు, నత్తలు రాకుండా వల ఉంటే చాలు.

నీడవలను కప్పు లోపల కట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నల్లటి వల ఎండను పీల్చుకొని తాను వేడెక్కి, ఆ వేడిని లోపలికే వదులుతుంది. దానిని కప్పు పైన, ఒక అడుగు ఎడం ఉంచి, బయట కట్టాలి. 50 శాతం వలలు రెండు వరుసలు వేస్తే నాలుగో వంతు వెలుగు మిగులుతుంది. మన మిట్ట మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ గనుక ఇరవై ఐదు వేలు, పాలిథిన్ పట్టుకొనేది పోగా ఇరవై వేల చుట్టుపక్కల ఉంటుంది, వేసవికి అది చాలు. వానలు మొదలై మబ్బు పట్టగానే ఒక వరుస తీసేయాలి. మరో చవకైన మార్గం మార్చి నెలాఖరున పాలిథిన్ మీద పలుచగా సున్నం పూయడం. వర్షాలు దానిని వాటంతట అవే కడిగేస్తాయి. అలా చేసినవారు పందిరి కప్పు మీద నుంచి జారే తొలి వానల నీటిని, సున్నం కలిసి ఉంటుంది గనుక, తొట్టిలోకి పట్టుకోకూడదు.

నేల కూడా చూసుకోవాలి. సిమెంటు గచ్చు, నీళ్ల డ్రమ్ములు, ఇటుక గోడలు పగటి వేడిని దాచుకొని రాత్రి వదులుతాయి. చలి దేశాల గ్రీన్‌హౌస్‌లలో వీటిని కావాలనే పెడతారు, మనం కావాలనే తీసేయాలి. కింద కంకర పరిచి, తొట్లను జాలీ బల్లల మీద ఎత్తులో పెట్టండి. ఫ్యాన్ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా తిరగాలి. పగలు ఫ్యాన్ వేసి రాత్రి కట్టేయడం సరిగ్గా తలకిందుల పని.

తరువాతిది జాతుల ఎంపిక. తీరంలో మొక్కకు నిజంగా హాయిగా ఉండే కాలం నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. రాత్రులు చల్లబడతాయి, ఎండ మెత్తగా ఉంటుంది. కానీ మెక్సికో జాతులలో ఎక్కువ భాగం, అంటే మొరనెన్సిస్, జిప్సికోలా, ఎస్సెరియానా వంటివి, పగలు తగ్గి రాత్రి పెరిగే ఆ నెలల్లోనే చిన్న ఆకులు వేసుకొని పెరుగుదల ఆపేస్తాయి. మేలుకొని ఉండవలసిన కాలంలో నిద్ర, నిద్రపోవలసిన వేసవిలో మెలకువ! మొక్క ఏటా కొంచెం కొంచెం తగ్గిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అందుకే తీరం వాళ్లకు నేను చెప్పేది, ఏడాది పొడుగునా ఒకే రకం ఆకులు వేసే జాతులను ఎంచుకోమని. ఎమార్జినాటా, మొక్టెజుమే, జైగాంటియా ఆ కోవకు చెందినవి. అగ్నాటా కూడా ఆకులను పెద్దగా మార్చదు. వాహాకా రాష్ట్రంలో పెరిగే జైగాంటియాకు ఆకు రెండు వైపులా జిగురు ఉంటుంది, ఆకులు అరచేతి వెడల్పు దాటిపోతాయి. ఎమార్జినాటా చిన్నది, తడిని బాగా ఓర్చుకుంటుంది, పువ్వు రేకుల మీద ఊదా గీతల వల అల్లిక కనిపిస్తుంది. అగ్నాటా, మొక్టెజుమేల సంకరమైన ఆఫ్రొడైట్ దొరికితే వదలవద్దు. కోరాపుట్, సెమిలిగూడ వాళ్లు మాత్రం మొరనెన్సిస్, దానికి ఎహ్లెర్సియే జాతితో పుట్టిన వేజర్, సేథోస్ వంటి సంకరాలు నిశ్చింతగా పెంచుకోవచ్చు. చలికాలంలో చిన్న ఆకులు వేసే జాతులు తీరంలో ఇప్పటికే మీ దగ్గర ఉంటే, ఏప్రిల్, మే నెలల్లో వాటిని నీళ్లతో ముంచి ఆదుకోవాలని చూడకండి. మిశ్రమం పూర్తిగా ఎండకుండా, చేతికి కొద్దిగా చెమ్మ తగిలేంత మాత్రమే ఉంచండి.

మిశ్రమం గురించి ఎక్కువ చెప్పను. పెర్లైట్ (తేలికైన తెల్లని ఖనిజపు గుళికలు) రెండు పాళ్లు, వర్మిక్యులైట్ (నీటిని పట్టి ఉంచే పొరల ఖనిజం) ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, పీట్ (బురద నేలల్లో నాచు కుళ్లి ఏర్పడిన పొడి) గుప్పెడు. ఇసుక వంశధారదైనా, ఋషికుల్యదైనా సరే, మట్టి నీరు పోయేదాకా కడిగి సన్నపు ఇసుకను జల్లించి తీసేయండి. సముద్రపు ఇసుక మాత్రం ఎంత కడిగినా వద్దు. ఇసుక మీద నిమ్మరసం వేస్తే నురగ వస్తే అందులో సున్నం ఉందని అర్థం. మెక్సికో జాతులకు దానితో నష్టం లేదు, ప్రిములిఫ్లోరాకు పనికిరాదు. పీట్ దొరకక కొబ్బరిపీచు పొడి వాడేవారు, పిండిన నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, పోసిన నీటి టీడీఎస్‌కు దగ్గరయ్యేదాకా నానబెట్టి పిండుతూ ఉండాలి, ఎందుకంటే తీరపు పీచులో ఉప్పు ఉంటుంది. నీటి విషయంలో టీడీఎస్ మీటరు మాట వినండి: 50 లోపు ఉంటే నిశ్చింత, 100 దాటితే ఆ నీరు వద్దు. వాననీరు, ఆర్‌వో నీరు రెండూ మంచివే.

పొడిగాలి ఉన్న రాయగడ వైపు వారికి ఒక ప్రత్యేక పద్ధతి ఉంది. మెరుగు పూయని, బాగా కాలిన కుమ్మరి కుండను బోర్లించకుండా నిలబెట్టి, నీళ్లు నింపి, దాని బయటి గోడ మీద కొంచెం నాచుతో, ఆకు నుంచి మొలిపించిన పిల్ల మొక్కను అంటించండి. గోడ గుండా ఊరిన నీరు ఆవిరై, తాగునీటి కుండ చల్లబడే కారణంగానే ఆ గోడ కూడా చుట్టూ ఉన్న గాలికన్నా చల్లగా ఉంటుంది. వేర్లు చల్లని, తడి, గాలి ఆడే రాతి గోడ మీద ఉన్నట్టే ఉంటాయి. కుండ మీద తెల్లని ఉప్పు పొర కనిపించగానే దానిని కడిగేయాలి. తీరపు తేమగాలిలో ఆవిరి తక్కువ గనుక ఈ పద్ధతి అంత లాభించదు.

ఈ మొక్క పెడితే ఇంట్లో దోమలు పోతాయా అని నన్ను ప్రతిచోటా అడుగుతారు. పోవు. తడి మిశ్రమంలో పుట్టే సన్నని నల్ల ఈగలను మాత్రం చక్కగా పట్టుకుంటుంది. తక్కిన మాంసాహార మొక్కలు, ఆర్కిడ్లు పెంచేవారికి ఆ ఒక్క పనికే ఇది విలువైనది. పురుగులు తక్కువైతే, చేపలకు వేసే ఎండు ఆహారాన్ని మెత్తగా నూరి, చిటికెలో పదో వంతు ఆకు మీద చల్లితే సరిపోతుంది. ఎక్కువ వేస్తే వేసిన చోటే ఆకు కుళ్లుతుంది. మే నెలలో అసలు వేయవద్దు.

పిండినల్లి పడితే నూనె మందులు, సబ్బు నీళ్లు ఆకు గ్రంథులను పాడుచేస్తాయి. తొట్టిని వేరుచేసి, పురుగు లేని ఆకులను తీసి వాటితో కొత్త మొక్కలు మొదలుపెట్టి, తల్లిమొక్కను వదులుకోవడం నా దృష్టిలో తెలివైన పని. ఆకు తీసేటప్పుడు మధ్యలో తుంచకుండా, పక్కకు ఒత్తి అడుగున ఉన్న తెల్లని మొదలుతో సహా ఊడదీయాలి. పిల్ల మొక్క పుట్టేది ఆ మొదలు నుంచే. తడిపిన మిశ్రమంలో పూడ్చకుండా పైనే ఉంచి, పెట్టె మూత వదులుగా పెట్టి, నీడలో ఉంచితే కొన్ని వారాలలో మొలక వస్తుంది. తీరంలో ఈ పనికి డిసెంబరును మించిన నెల లేదు.

స్థలం లేనివారికి, లేదా మొరనెన్సిస్ మీద మనసు పడిన తీరవాసులకు మరో దారి ఉంది. రాత్రి ఏసీ వేసుకొని పడుకునే గదిలోనే ఒక ఎల్‌ఈడీ అర పెట్టండి. పగలు ఏసీ ఉండదు, దీపాలు వెలుగుతాయి, గది వేడెక్కుతుంది. రాత్రి దీపాలు ఆరుతాయి, గది 24 డిగ్రీలకు దిగుతుంది. మొక్కకు కావలసిన పగలు రాత్రి తేడా కొంతైనా అదనపు ఖర్చు లేకుండానే దొరుకుతుంది. నాకు తెలిసినంతలో గ్రీన్‌హౌస్ కట్టడంకన్నా ఇది చవక. అయితే జైగాంటియా అరలో ఇమడదు.

విదేశాల నుంచి గింజలో, ఆకులో తెప్పించుకొనేవారు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలన్నది మరచిపోవద్దు. మన దేశంలోనే పెంచి అమ్మేవారు ఇప్పుడు ఉన్నారు, వారి మొక్కలు మన వేడికి ఒకసారి అలవాటుపడి వస్తాయి కూడా.

చివరిది తుపాను సంగతి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఈ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అంటే తీరంలో మన మంచి కాలం మొదలయ్యే ముందే అసలు గండం ఉంది. పాలిథిన్ షీటును మేకులతో శాశ్వతంగా బిగించకుండా, హెచ్చరిక రాగానే విప్పి చుట్టగలిగేలా క్లిప్పులతో బిగించండి. షీటు నిలబడాలని పట్టుబడితే గాలి చట్రాన్నే ఎత్తుకుపోతుంది. తొట్లను ఇంట్లోకి చేర్చి, పళ్లేల నీళ్లు పారబోయండి, ఎందుకంటే తరువాత కరెంటు ఎన్నాళ్లు రాదో తెలియదు, ఫ్యాన్ లేని గదిలో తడి తొట్టి తొందరగా కుళ్లుతుంది. సెప్టెంబరు నెలాఖరులోనే ప్రతి జాతి నుంచి రెండు మూడు ఆకులు ఊడదీసి, కొండల మీద కోరాపుట్‌లోనో సెమిలిగూడలోనో ఉన్న మిత్రునికి తడి దూది చుట్టి పంపించండి. ఈ సభలో రెండు ప్రాంతాల వారూ ఉన్నారు కాబట్టి, ఎవరు ఎవరికి ఏ జాతి పంపాలో ఇప్పుడే టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు. నమస్కారం.